రహీం సాహెబ్ – వాటం లేని కాలు

మన హైదరాబాదు ఒకప్పుడు భారతదేశానికి ఫుట్‌బాల్ నేర్పిందంటే ఇవాళ్టి విద్యార్థి మిత్రులు నమ్మకపోవచ్చు. ఇప్పుడు మన ఊళ్ళో ఆట అంటే క్రికెట్టే. ఉప్పల్ స్టేడియంలో మ్యాచి ఉన్ననాడు మెట్రో స్టేషన్ దగ్గర కాలు పెట్టే చోటుండదు. అదే ఉప్పల్‌లో నిలబడి సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరని అడిగి చూడండి. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ సినిమా చూసినవాళ్ళు తప్ప తక్కినవాళ్ళు బుర్ర గోక్కుంటారు. అజయ్ దేవగణ్ ఆ సినిమాలో వేసిన వేషం మన ఉస్మానియాలో చదివి, మన ఉస్మానియా జట్టులో ఆడిన ఒక బడిపంతులుది. ఈ సంగతి మన క్యాంపస్‌లోనే చాలామందికి తెలియకపోవడం విచారించదగ్గ విషయం.

అయితే నేను కలం పట్టడానికి కారణం సినిమా కాదు, పరుగు. నేను నాచారంలో ఉంటాను. పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తుందన్న వార్త గాలిలో తేలితే చాలు, తెల్లవారకముందే మా వీధులు, ఉప్పల్ వైపు ఖాళీ లేఅవుట్ల రోడ్లు కుర్రాళ్ళతో నిండిపోతాయి. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చెయ్యాలన్నారు. ఆ కొద్ది నిమిషాల మీద ఒక ఇంటి బతుకే ఆధారపడి ఉంటుంది. నెల్లాళ్ళు గడిచేసరికి వాళ్ళలో కొందరు కుంటుతూ కనిపిస్తారు. మోకాలి కింద ముందువైపు ఎముక వెంబడి నొప్పి. షిన్ పెయిన్ అని దానికి వాళ్ళ పేరు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని, స్ప్రే కొట్టుకుని మళ్ళీ పరుగెత్తుతారు. నొప్పి వచ్చిందంటే కాలు గట్టిపడుతోందని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు కూడా. ఆ మాట విన్నప్పుడల్లా నాకు రహీం సాహెబ్ గుర్తుకొస్తారు. కాలిని కష్టపెట్టి గట్టిపరచడం వేరు, కాలికి పాఠం చెప్పడం వేరు. ఆయన రెండో తెగ మనిషి. పైగా ఆయన పేరు తెచ్చింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకే కదా!

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివే రోజులకు మన ఆర్ట్స్ కాలేజీ భవనం ఇంకా లేవలేదు. అది 1939లో పూర్తయింది. అంతకు ముందు యూనివర్సిటీ గన్‌ఫౌండ్రీ చుట్టుపక్కల అద్దె బంగళాల్లో నడిచేది, చదువంతా ఉర్దూలో. బి.ఏ. పూర్తిచేసి బడిపంతులుగా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు – ఇలా నగరంలోని బడులలోనే ఆయన ఉద్యోగం. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, ఆ తరువాత పనిచేసిన బడులలో ఆటల బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నారు. సాయంకాలాలు కమర్ క్లబ్బు తరపున ఫుట్‌బాల్ ఆడేవారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా అయ్యే ఉన్నారు.

కార్యదర్శి అంటే కప్పులు పంచి, ఫోటోలు దిగి, సన్మానాలు చేయించుకునేవాడని మనకు అలవాటైన అభిప్రాయం. ఈయన పిల్లలకు కొత్త కొత్త పోటీలు పెట్టారు. వాటిలో రెండింటిని గురించి కాస్త విస్తరించి చెప్పాలి. ఒకటి, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీ. బంతి అందుకున్నవాడు దాన్ని కాలికి అతికించుకుని నలుగురిని తప్పించుకుంటూ పోవడానికి వీల్లేదు, వెంటనే తోటివాడికి అందించాలి. మామూలుగా కుర్రాళ్ళకు చప్పట్లు తెచ్చేదే డ్రిబ్లింగు, దాన్నే ఆయన కత్తిరించారు. బంతి పరుగెత్తితే మనిషికి అనవసరపు పరుగు తప్పుతుంది. ప్రత్యర్థి బూటు కాలికి తగిలే అవకాశమూ తగ్గుతుంది.

రెండోది మరీ విడ్డూరం. ఆ పోటీలో ఆటగాడు తన వాటం లేని కాలితోనే బంతి తన్నాలి. కుడివాటం వాడికి ఎడమకాలు, ఎడమవాటం వాడికి కుడికాలు. చేతికి బదులు కాలితో అక్షరాలు దిద్దమన్నట్టుంటుంది. ఎంత గొప్ప ఆటగాడైనా అందులో మొదటిరోజు పసిపిల్లవాడే. అయితే ఇందులో ఉన్న తెలివి చూడండి. ఒక్క కాలితో ఆడేవాడు ఒక్కవైపే తిరుగుతాడు, ఒక్క తొడ మీదే భారం వేస్తాడు, ఒక్క కాలి మీదే నిలదొక్కుకుంటాడు. వాటం లేని కాలితో తన్నాలంటే వాటమున్న కాలి మీద నిలబడాలి; అంటే రెండు కాళ్ళూ రెండు పనులూ నేర్చుకుంటాయి.

పరుగులో కూడా వాటం లేని కాలు ఉంటుందా అని కొందరికి సందేహం. ఉంటుంది. నమ్మకం లేకపోతే అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడి మోకాలు కొద్దిగా వంచండి. ఒక కాలు మీద నిటారుగా ఉంటారు. రెండో కాలికి వచ్చేసరికి మోకాలు లోపలివైపుకు వాలుతుంది, ఎదుటి నడుం కిందికి జారుతుంది. పరుగులో ప్రతి అడుగూ ఒంటికాలి మీద నిలబడడమే. అదీ దూకి నిలబడడం. అద్దం ముందు వాలిన మోకాలు రోడ్డు మీద కొన్ని వేలసార్లు వాలుతుంది. ఆ భారం మోకాలిచిప్పకో, షిన్ ఎముకకో, పాదానికో చేరుతుంది. దీనికి మందు ఖరీదైనది కాదు. మెట్టు మీద ఒంటికాలితో ఎక్కి దిగడం, గోడ పట్టుకుని మడమలు పైకెత్తడం, వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుం లేపడం. వారానికి రెండు మూడుసార్లు చేస్తే చాలు, బలహీనమైన కాలికి నాలుగు ఎక్కువ. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ‘ఫిఫా 11 ప్లస్’ అని ఆటకు ముందు చేసే వ్యాయామాలను ప్రచారంలో పెట్టింది. అందులోనూ ఒంటికాలి నిలకడ, మోకాలు లోపలికి వాలకుండా దిగడం ముఖ్యం. వాటిని శ్రద్ధగా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయని పరిశోధనల్లో తేలింది.

మా నాచారంలో దీనికి తోడు రోడ్డు కూడా ఒక కారణం. వాననీరు కాలువలోకి జారడానికి రోడ్డు నడిమధ్య ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటాయి. ఎదురుగా వచ్చే బండి కనబడాలని మనవాళ్ళు కుడి అంచున పరుగెత్తుతారు, అది మంచిదే. కానీ తిరిగి వచ్చేటప్పుడు కూడా కుడి అంచే. అంటే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కుడికాలే పల్లంలో పడుతుంది. రోజూ ఇలా 5 కిలోమీటర్లు పరుగెత్తేవాడు తెలియకుండానే ఒక కాలు పొట్టిగా, ఒక కాలు పొడుగ్గా ఉన్నవాడిలాగా పరుగెత్తుతున్నాడన్నమాట. బళ్ళు రాని లేఅవుట్ లోపలి రోడ్ల నడిమధ్యనో, చదునైన మట్టి నేల మీదనో పరుగెత్తితే ఈ బాధ లేదు. గ్రౌండు చుట్టూ తిరిగేవాళ్ళు కూడా, రద్దీ లేనప్పుడు, ఒకరోజు ఎడమకు తిరిగితే మరొకరోజు కుడికి తిరగడం మేలు.

మళ్ళీ రహీం సాహెబ్ దగ్గరకు వద్దాం. 1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాదే ఆ జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు పట్టుకొచ్చింది. కలకత్తా క్లబ్బులకు అప్పట్లో ఎదురులేదనుకునేవారు. అవి మన పోలీసుల పేరు చెబితే జాగ్రత్తపడే స్థితి వచ్చింది. జాతీయ సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57లోను, 1957–58లోను గెలుచుకుంది.

ఆయన చేతిలో తయారైనవారిలో తులసీదాస్ బలరాం ఒకరు. మా నాచారం నుంచి మల్లాపూర్, మౌలాలి దాటితే వచ్చే అమ్ముగూడలో 1936లో పుట్టిన పేదింటి కుర్రాడు. అక్కడి నుంచి నగరానికి ప్రాక్టీసుకు రావడానికి చేతిలో కాసు లేకపోతే, సైకిలు అద్దెకు తీసుకోమని రహీం సాహెబ్ తన డబ్బు ఇచ్చేవారు. ఆ కుర్రాడే తరువాత రెండు ఒలింపిక్ క్రీడల్లో ఆడాడు. బలరాం గారు 2023లో కన్నుమూశారు. అమ్ముగూడ రైల్వే స్టేషన్ మీదుగా వెళ్ళే మిత్రులు ఈ పేరును ఒక్కసారి తలుచుకుంటే బాగుంటుంది.

1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం శిక్షణలో మన జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. గోలు మేవాలాల్‌ది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తుగా ఓడిపోయింది. ఆ మ్యాచిలో మన ఆటగాళ్ళలో చాలామంది ఉత్త పాదాలతో ఆడారు. ఎండకు మాడిన మన గట్టి నేల మీద ఆ పాదాలకు బంతి మాట వినేది, కానీ ఉత్తరాది చలిలో, జారే గడ్డి మీద ఆ విద్య చెల్లలేదు. ఆ ఓటమి తరువాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

బూటు తొడుక్కోవడం చిన్న సంగతి కాదు. చిన్నప్పటి నుంచి ఉత్తకాళ్ళతో పరుగెత్తినవాడి అడుగు వేరు. మడమ ముందు నేలకు కొట్టుకుంటే జివ్వుమంటుంది గనుక వాడు అంగలు పొట్టిగా, చకచకా వేస్తాడు, పాదం ముందుభాగంతో మెత్తగా దిగుతాడు. 2010లో హార్వర్డ్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు కెన్యాలో చెప్పులు లేకుండా పరుగెత్తేవారిని పరిశీలించి ఇదే మాట లెక్కలతో చూపించారు. బూటు తొడిగితే మడమకు దిండు దొరుకుతుంది, దాంతో అంగ తెలియకుండానే సాగుతుంది. ఇదే చోట మన కానిస్టేబుల్ కుర్రాళ్ళు దెబ్బ తింటున్నారు. తొందరగా చేరాలన్న ఆత్రంతో కాలును శరీరానికి చాలా ముందుకు చాపి, మోకాలు బిగబట్టి, మడమతో నేలను గుద్దుతారు. అది పరుగు కాదు, ప్రతి అడుగుకూ బ్రేకు వెయ్యడం. బండికి బ్రేకు వేస్తే టైరు అరుగుతుంది, ఇక్కడ ఎముక అరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లంటే 400 మీటర్ల చుట్టుకు సుమారు 1 నిమిషం 49 సెకన్లు. నిమిషానికి 160 అడుగులు వేసేవాడికి మొత్తం 1160 అడుగులు పడతాయి, ఒక్కో అంగ దాదాపు 138 సెంటీమీటర్లు. అదే వేగంలో నిమిషానికి 170 వేస్తే అంగ 130కి దిగుతుంది. తేడా 8 సెంటీమీటర్లు, అంటే నాలుగైదు వేళ్ళ మందం. ఆ కాస్త తేడాతోనే పాదం శరీరం కిందికి వచ్చి పడుతుంది. అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద, తుంటి మీద భారం తగ్గుతుందని 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీవారు ప్రయోగశాలలో కొలిచి చెప్పారు. లెక్కపెట్టడానికి యంత్రమేదీ అక్కర్లేదు. అర నిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు పడిందో చూసి నాలుగుతో గుణిస్తే సరి. తక్కిన ఒళ్ళు సంగతి కూడా కష్టమేమీ కాదు. నడుం దగ్గర వంగకుండా చీలమండల దగ్గర నుంచి కొద్దిగా ముందుకు వాలాలి. భుజాలు చెవుల దగ్గరికి లేవకూడదు. పిడికిలి బిగించకూడదు. చేతులు ముందుకూ వెనక్కూ ఊగాలి గాని ఛాతీకి అడ్డంగా కాదు.

ఇది విని ఎవరైనా రేపటి నుంచే మునివేళ్ళ మీద పరుగు మొదలుపెడితే మాత్రం కొంప మునుగుతుంది. మునివేళ్ళ మీద దిగితే మోకాలి భారం తగ్గే మాట నిజమే గాని, అది మాయమైపోదు; పిక్కకూ మడమ వెనుక నరానికీ చేరుతుంది. పదేళ్ళు మడమ మీద దిగిన పిక్క ఆ కొత్త బరువుకు సిద్ధంగా ఉండదు. బూట్లు విప్పేసి ఒక్కసారిగా ఉత్తకాళ్ళతో రోడ్డెక్కినవాళ్ళకు పాదం ఎముకల్లో చీలికలు వచ్చిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా వీరుడు అబెబె బికిలా ఉత్తకాళ్ళతో మారథాన్ గెలిచాడు. నాలుగేళ్ళ తరువాత టోక్యోలో బూట్లతో పరుగెత్తి ఇంకా వేగంగా గెలిచాడు. కాబట్టి గొడవ బూటుది కాదు. మన జట్టు కూడా ఉత్తకాళ్ళ హెల్సింకి నుంచి బూట్ల మెల్‌బోర్న్‌కు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. నోటిఫికేషన్ వచ్చాక నాలుగు వారాల్లో అడుగు మార్చుకుందామనే మన మిత్రులు ఈ లెక్క గమనించాలి. అడుగు సంగతి అటుంచి, ఏమీ పరుగెత్తనివాడు ఒక్కసారిగా రోజుకు 6 కిలోమీటర్లు మొదలుపెడితే ఎంత చక్కని అడుగూ కాపాడలేదు. షిన్ పెయిన్‌కు మూలం చాలామటుకు ఆ తొందరే. ఎముక మీద వేలు పెట్టి నొక్కితే ఒకేచోట చురుక్కుమనే నొప్పి ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి.

1956 మెల్‌బోర్న్ రహీం సాహెబ్ జీవితంలో పెద్ద ఘట్టం. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను మనవాళ్ళు 4–2తో ఓడించారు, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1–4తో ఓడారు. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచిలో బల్గేరియా గెలిచింది. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆనాటి నుంచి నేటి వరకు మన దేశం దాన్ని మించలేదు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, లతీఫ్, పీటర్ తంగరాజ్, బలరాం – ఆ జట్టులో మన హైదరాబాదీలు ఎంతమందో చూడండి. 1960లో రోమ్‌లో హంగేరీ చేతిలో 1–2తో ఓడి, ఫ్రాన్సుతో 1–1 సమానంగా నిలిచారు. పెరూ చేతిలో ఓడి ఇంటికొచ్చారు.

1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళేసరికి రహీం సాహెబ్‌కు ఒంట్లో బాగుండటంలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. జట్టు పరిస్థితీ అంతంత మాత్రమే. మొదటి మ్యాచిలో దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. తరువాత థాయిలాండ్‌ను, జపాన్‌ను గెలిచారు. థాయిలాండ్ మ్యాచిలో వెనుక వరుసకు ప్రాణమైన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. త్రిలోక్ సింగ్ కాలి గోరు ఊడింది. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో మంచాన పడ్డాడు. రహీం సాహెబ్ జర్నైల్‌ను వెనుక వరుస నుంచి తీసి ముందు వరుసలో నిలబెట్టారు. కాలేజీ రోజుల్లో అతను ముందు వరుసలో ఆడినవాడేనని ఆయన మరచిపోలేదు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచారు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. మైదానం నిండా మన దేశం మీద కోపంతో ఉన్న లక్షమంది. పీకే బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతో జర్నైల్ ఒక గోలు. 2–1. బంగారు పతకం.

ఈ కథ చెప్పేవాళ్ళంతా ఆ తలకట్టు దగ్గర చప్పట్లు కొడతారు. నాకు అక్కడ చెయ్యి ఆడదు. ఆ రోజుల్లో పెద్ద పోటీల్లో ఆట మధ్యలో మనిషిని మార్చే వీలు లేదన్నది నిజమే. తల దెబ్బ గురించి నేడు తెలిసినంత అప్పుడు తెలియదు, అదీ నిజమే. అయినా ఇప్పుడు ఏ డాక్టరూ ఆరు కుట్లు పడిన మనిషిని తలతో బంతి కొట్టడానికి పంపడు. పిల్లల వాటం లేని కాలి గురించి కూడా ఆలోచించిన పంతులు ఆ ఒక్క వారంలో దేశం కోసం గాయాన్ని పక్కన పెట్టారు. మన కుర్రాళ్ళు బ్యాండేజీ చుట్టుకుని పరుగెత్తడానికి ఈ తలకట్టు కథలే ధైర్యమిస్తున్నాయని నా అనుమానం. జర్నైల్ ఆడింది ఒక ఫైనల్; వీళ్ళు ఆడుతున్నది ప్రాక్టీసు. ప్రాక్టీసులో కాలు పోగొట్టుకున్నవాడికి ఫైనల్ ఎక్కడిది?

తన సంగతికి వస్తే ఆయనా అంతే. జబ్బుతోనే జకార్తా వెళ్ళారు, జబ్బుతోనే తిరిగొచ్చారు. తొమ్మిది నెలలు గడిచాక, 1963 జూన్ 11న కన్నుమూశారు. 54 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్ జట్టులో ఉన్నారు, అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకుని 2021లో మరణించారు.

మన విద్యార్థి సంఘానికి ఒక మనవి ఉంది. వచ్చే వార్షికోత్సవాల్లో హాస్టళ్ళ మధ్య మామూలు ఫుట్‌బాల్‌తో పాటు వాటం లేని కాలి పోటీ ఒకటి పెట్టండి. ఏడుగురేసి జట్టు, పావుగంటకు ఒక సగం, వాటమున్న కాలితో తన్నితే ఫ్రీకిక్ ఎదుటివాళ్ళకు. ఎవరి వాటం ఏదో ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోవాలి, లేకపోతే మనవాళ్ళు మైదానంలోకి దిగాక మాట మారుస్తారు! ఉప్పల్, నాచారం వైపు నుంచి కానిస్టేబుల్ పరుగుకు వచ్చే కుర్రాళ్ళను కూడా ఒక జట్టుగా పిలవండి. కప్పుకు రహీం సాహెబ్ పేరు పెడదాం. రిఫరీగా నేను వస్తాను, నాకు భోజనం కూపన్ ఒక్కటి చాలు.